హొరైజన్స్ ఉన్నప్పటి ఎప్‌కాట్

ఆర్లాండో వెళ్ళొచ్చాం అంటే మనవాళ్ళు ముందు అడిగేది మ్యాజిక్ కింగ్డమ్ గురించే, కోట ముందు ఫోటో దిగారా, మిక్కీ కనపడ్డాడా అని. నాకు మాత్రం డిస్నీ వరల్డ్ అంటే అందులోనే ఉన్న ఇంకో పార్కు, ఎప్‌కాటే. ఆ పార్కు మీద నాకున్న ప్రేమ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరైనా ఫ్లోరిడా ప్లాన్ అనగానే మా ఆవిడ నావైపు చూస్తుంది, నేను మొదలెడతా. ఈమధ్య పాత ఆల్బమ్ స్కాన్ చేస్తుంటే 1998 ఫోటోలు బయటపడ్డాయి, అందుకే ఇదంతా రాయాలనిపించింది.

ముందు కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తేనే ఆ పార్కు ఎందుకలా ఉంటుందో అర్థమవుతుంది. వాల్ట్ డిస్నీ ఎప్‌కాట్ అనే పేరుతో కట్టాలనుకున్నది పార్కు కాదు, నిజం ఊరు. 20,000 మంది కాపురం ఉండే ఊరు, కార్లూ లారీలూ నేల కింద రోడ్ల మీద, మనుషులు పైన, అటూ ఇటూ వెళ్ళడానికి మోనోరైలు. 1966 అక్టోబర్లో మ్యాపు పక్కన నిలబడి ఇదంతా వివరిస్తూ సినిమా తీయించుకున్నాడు, ఆ డిసెంబర్ 15నే పోయాడు. ఆ ఊరు కట్టే ధైర్యం తర్వాత ఎవరికీ రాలేదు, చివరికి 1982 అక్టోబర్ 1న అదే పేరుతో పార్కు తెరిచారు, ముందు సగం రేపటి టెక్నాలజీ, వెనక సగం చెరువు చుట్టూ ఒక్కో దేశం పేరున కట్టిన పెవిలియన్లు. ఊరు కట్టలేకపోయినా ఆ ఊరి ఆలోచన ఆ పార్కులో మిగిలిందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మేం మొదటిసారి వెళ్ళింది 1998 థాంక్స్‌గివింగ్‌కి. అప్పుడు అట్లాంటాలో వై టూ కే ప్రాజెక్టులో ఉన్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడమే పని. నలుగురం రూమ్మేట్లం, అందరం హెచ్ వన్ బీ మీద వచ్చినవాళ్ళమే, ఒక్కడికీ పెళ్ళి కాలేదు. లాంగ్ వీకెండ్ వచ్చింది, కారు రెంట్‌కి తీసుకుని రాత్రికి రాత్రి ఐ-75 మీద దక్షిణానికి పడ్డాం. అట్లాంటాలో అప్పుడే చలి, ఆర్లాండోలో తెల్లారేసరికి చొక్కాలతో తిరగొచ్చు. పార్కింగ్ నుంచి నడుస్తుంటే ఆ పెద్ద గోళం, స్పేస్‌షిప్ ఎర్త్, ఎదురుగా వచ్చేసింది. ఫోటోల్లో చూసింది వేరు, కింద నిలబడి తలెత్తి చూడ్డం వేరు. 165 అడుగుల వ్యాసం, పైన 11,324 త్రికోణాల పలకలు, కాళ్ళ మీద నిలబెట్టారు కాబట్టి కింద నుంచి నడిచి వెళ్ళొచ్చు. మాలో ఒకడు సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వచ్చినోడు, వాడు అక్కణ్ణించి కదలడే. వర్షం పడితే ఆ నీళ్ళు అంచుల్లోంచి మన నెత్తిన పడకుండా పలకల మధ్య సందుల్లోంచి లోపలికి పోయి కాలవల ద్వారా వెనకున్న చెరువులో కలుస్తాయంట, అది చదివి వాడు ఇంకో పావుగంట చూసాడు.

లోపల రైడ్ మెల్లగా పైకి తిరుగుతూ వెళ్తుంది, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోడం ఎలా నేర్చుకున్నారో ఆ కథ అంతా. గుహల్లో బొమ్మలు, ఈజిప్టు పాపిరస్, ఫినీషియన్ల అక్షరాలు, రోము తగలబడిన చోట నిజంగా పొగ వాసన వస్తుంది, తర్వాత గుటెన్‌బర్గ్ అచ్చు యంత్రం, టెలిగ్రాఫు, రేడియో, టీవీ. అప్పుడు వ్యాఖ్యానం జెరెమీ ఐరన్స్ గొంతు, ఆ గొంతు చీకట్లో వింటుంటే ఒళ్ళు పులకరించింది. చిట్టచివర పైకప్పు దగ్గర చీకటి, చుక్కలు, మధ్యలో భూమి, అక్కణ్ణించి బండి వెనక్కి తిరిగి వెనక్కే కిందికి దిగుతుంది. ఇంత పెద్ద కథలో మన దేశం ఉన్న సీను ఒక్కటీ లేదని నాకు కొంచెం గుచ్చుకుంది, అంకెలూ సున్నా ఇచ్చిన దేశం కదా. అయినా ఆ రైడ్ మొత్తం చెప్పే విషయం నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

లివింగ్ సీస్, ఎనర్జీ పెవిలియన్ చకచకా చూసేసాం. ఎనర్జీలో థియేటర్ సీట్లే బండ్లలా విడిపోయి డైనోసార్ల మధ్యలోకి వెళ్ళేవి, పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు 1982 నుంచే ఉండేవి. అదీ బాగుంది. కానీ నేను చెప్పాలనుకుంటున్నది హొరైజన్స్ అనే రైడ్ గురించి.

హొరైజన్స్ 1983 అక్టోబర్ 1న తెరిచారు, పార్కు మొదటి పుట్టినరోజున. మేం వెళ్ళేసరికి స్పాన్సర్ వెళ్ళిపోయి చాలా కాలం అయింది, లైను కూడా లేదు, బయట ఎవరూ అటువైపు పెద్దగా చూడట్లేదు. పైనుంచి వేలాడే బండ్లు, ఒక్కోదాన్లో పక్కపక్కన నలుగురు, సరిగ్గా మేం నలుగురం ఒకదాన్లో ఎక్కాం, బండి పక్కకి జరుగుతూ వెళ్తుంది. మొదట పాతకాలం వాళ్ళు రేపటిని ఎలా ఊహించారో చూపించారు, జూల్ వెర్న్ ఫిరంగి గుండులో చంద్రుడి మీదికి వెళ్ళడం, వంట చేసే రోబోలు, నియాన్ లైట్ల నగరాలు. తర్వాత రెండు పెద్ద గుండ్రటి తెరలు, ఆ తర్వాత అసలు కథ. ఒక తాత, ఒక మామ్మ, వాళ్ళే కథ చెప్తుంటారు. వాళ్ళు నగరంలో ఉంటారు. కూతురు ఎడారిని పంటపొలంగా మార్చిన చోట వ్యవసాయం చేస్తుంటుంది, యంత్రాలకి నోటితో ఆర్డర్లేస్తూ. ఆ పొలం దగ్గరికి బండి రాగానే గుప్పున నారింజ వాసన! మేం నలుగురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఆ పొలం ఇంట్లో తండ్రీ కొడుకూ కేకు చేస్తుంటారు, పక్క గదిలో ఆడపిల్ల చదువుకోకుండా సముద్రం అడుగున ఉన్న స్నేహితుడితో తెర మీద కబుర్లు. తర్వాత సముద్రం కింద ఊరు, పిల్లలు క్లాసు తరఫున ఈతకి బయల్దేరుతుంటారు. తర్వాత అంతరిక్షంలో కాలనీ, అక్కడ ఒక పిల్లాడి పుట్టినరోజు, నగరంలో వాళ్ళు, ఎడారిలో వాళ్ళు, అందరూ మనిషంత సైజు బొమ్మలుగా ఆ గదిలో ప్రత్యక్షమై వాడికి పాట పాడతారు.

అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఇప్పటి పిల్లలకి ఇందులో ఏముంది అనిపించొచ్చు. కానీ అప్పట్లో మాకు ఇంటితో ఉన్న దారి కాలింగ్ కార్డు. ఇండియన్ గ్రోసరీలో కొన్న కార్డు, వెనక గీకితే వచ్చే పిన్ను, అదంతా నొక్కాక ఇంకెన్ని నిమిషాలున్నాయో ఒకావిడ చెప్పేది, సగం వాటిల్లో మనం అన్నమాట మనకే మళ్ళీ వినపడేది. అమ్మకి "తిన్నావా" అనడానికీ, నాన్నకి "వానలు పడ్డాయా" అని అడగడానికీ, చెల్లి చదువు గురించి రెండు ముక్కలు మాట్లాడ్డానికీ టైము చాలేది కాదు. అలాంటి వాణ్ణి, ఇంటి మనుషులు తలోదిక్కునా ఉన్నా ఒకే గదిలో పుట్టినరోజు చేసుకోవచ్చని చూపించే సరికి, అదీ ఏదో యుద్ధాల సినిమాలా కాకుండా, కేకు, పాట, మామ్మ చాదస్తం, ఆడపిల్ల ఫోను కబుర్లు, ఇలా మామూలు సంసారంలా చూపించేసరికి, నాకు రేపటి మీద నమ్మకం కలిగింది. నిజంగానే. నేను చూసిన సైన్స్ సినిమాల్లో రేపు అంటే ఊళ్ళు కూలిపోడం, యంత్రాలు మనుషుల మీద పడ్డం. హొరైజన్స్‌లో రేపు అంటే కుటుంబం.

చివర్లో బండిలో మూడు బటన్లు వెలుగుతాయి, ఎడారి మీదుగా వెళ్ళాలా, సముద్రం కిందా, అంతరిక్షంలోనా అని. నలుగురిలో ఎక్కువమంది ఏది నొక్కితే ఆ తెర వస్తుంది. మేం అంతరిక్షం నొక్కాం, దిగగానే మళ్ళీ వెనక్కొచ్చి ఎక్కి సముద్రం నొక్కాం. సివిల్ వాడు ఎడారి కోసం ఇంకోసారి అన్నాడు, అదీ అయింది. ఇంకో నెలన్నరలో, 1999 జనవరి 9న, దాన్ని శాశ్వతంగా మూసేస్తారని మాకప్పుడు తెలీదు. ఆ రోజు ఆ రైడ్ దగ్గర అంతసేపు ఉన్నందుకు ఇప్పుడు ఎంత సంతోషమో చెప్పలేను.

మధ్యాహ్నం నుంచి వెనక సగం, వరల్డ్ షోకేస్. 11 దేశాలు, చెరువు చుట్టూ రెండు కిలోమీటర్ల దాకా నడక. మెక్సికో పిరమిడ్ లోపలికి వెళ్తే పట్టపగలు కూడా ఎప్పుడూ సాయంత్రమే, దీపాల కింద సంత, పక్కన పడవలు. నార్వేలో పడవ ఉన్నట్టుండి వెనక్కి పోతుంది. చైనాలో బీజింగ్ టెంపుల్ ఆఫ్ హెవెన్‌ని సగం సైజులో కట్టారు, లోపల చుట్టూరా తెరలు, సినిమా నిలబడి చూడాలి. నాకు అన్నిటికంటే నచ్చింది మొరాకో. అక్కడి రాజు హసన్ స్వయంగా పనివాళ్ళని పంపించి ఆ టైల్స్ పని అంతా చేయించాడు, గోడ దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో ముక్కా చేత్తో చెక్కింది. ఇది సెట్టింగు, నిజం మొరాకో కాదు అని అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, చేసిన చేతులు ఆ ఊరివైనప్పుడు ఆ పని ఎక్కడున్నా నిజమే.

ఇంకో సంగతి, ప్రతి దేశంలో పనిచేసేది ఆ దేశం పిల్లలే, బ్యాడ్జి మీద పేరు కింద సొంత ఊరు పేరు ఉంటుంది. అక్కడ అప్పట్లో చిన్న పాస్‌పోర్టు పుస్తకం అమ్మేవాళ్ళు, దేశం దేశానికీ తీసుకెళ్తే స్టాంపు వేసి వాళ్ళ భాషలో ఓ వాక్యం రాసిచ్చేవాళ్ళు. నా వయసువాళ్ళం అందరం చిన్నపిల్లల్లో కలిసిపోయి లైన్లో నిలబడి రాయించుకున్నాం, ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. నార్వే దగ్గర ఓ అమ్మాయి రాస్తూ రాస్తూ మీరెక్కడి నుంచి అని అడిగింది, మాట మీద మాట వచ్చి వీసాల్లోకి వెళ్ళింది. వాళ్ళకి క్యూ అనే వీసా, తమ సంస్కృతిని చూపించడానికి వచ్చేవాళ్ళకి, పదిహేను నెలల దాకా. మాది హెచ్ వన్ బీ. రెండూ 1990లో వచ్చిన ఒకే ఇమ్మిగ్రేషన్ చట్టంలోంచి పుట్టాయని తర్వాత ఎప్పుడో చదివా. ఒకే చట్టం ఆ అమ్మాయిని స్టాంపులు వేయడానికీ నన్ను కోబాల్ దిద్దడానికీ ఒకే దేశానికి తెచ్చింది. ఆమెకీ ఇంటి మీద బెంగే, వాళ్ళమ్మతో మాట్లాడి వారం అయిందట.

అన్నీ తిరిగాక మావాడు మ్యాపు తిరగేసి "మనది లేదేంట్రా" అన్నాడు. లేదు. ఇప్పటికీ లేదు. చైనాకీ జర్మనీకీ మధ్య ఖాళీ చోటు ఉంది, అక్కడ ఆఫ్రికా పెవిలియన్ కడతామని ఎప్పుడో ప్రకటించి కట్టలేదు, డప్పులు పెట్టిన చిన్న కొట్టుతో సరిపెట్టారు. తర్వాత డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న యానిమల్ కింగ్డమ్ పార్కులో ఆనందపూర్ అని ఊహాపురం ఒకటి కట్టారు, మన గోడల రాతలూ గుళ్ళూ కలిపి, బాగానే ఉంటుంది గానీ ఊహలో ఊరుకీ జెండాతో నిలబడ్డ దేశానికీ తేడా ఉంది. నాకైతే ఆ చెరువు గట్టున ఒక గోపురం, ముందు కోనేరు మెట్లు, లోపల మన పిల్లలు ఊరి పేరు బ్యాడ్జీలతో నిలబడి ఉండాలని కోరిక, అది తీరాలని ఇప్పటికీ ఆశ.

అమ్మా నాన్న అమెరికా వచ్చింది 2006లో. అప్పటికి నాకు పెళ్ళయింది, పెద్దమ్మాయి చంకలో ఉంది. ఎప్‌కాట్ తప్ప ఇంకెక్కడికీ ముందు తీసుకెళ్ళనని పట్టుబట్టా. హొరైజన్స్ ఉన్న చోట దాన్ని కూల్చేసి మిషన్ స్పేస్ అని రాకెట్ రైడ్ కట్టారు, క్యూలో ఒక పెద్ద చక్రం మధ్యలో పాత హొరైజన్స్ గుర్తుని మాత్రం ఉంచారు, అది వెతుక్కుని చూసి బయటికొచ్చేసా.

నాన్న ఆ రోజంతా ఎక్కడ గడిపారంటే ది ల్యాండ్ పెవిలియన్‌లో. ఆయన జీవితం అంతా సేద్యమే, పార్కులంటే ఆసక్తి లేదు, నా కోసం వచ్చారు. అక్కడ పడవలో కూర్చోబెట్టా. మొదట అడవి, ఎడారి, పాత అమెరికా పల్లె, అవన్నీ ఊరికే చూసారు. గ్రీన్‌హౌస్‌లోకి పడవ వెళ్ళగానే నిటారుగా కూర్చున్నారు. మట్టి లేదు. కొన్ని మొక్కలు ఇసకలో, కొన్ని గాల్లో వేలాడుతూ, వేళ్ళ మీద పోషకాలు కలిపిన నీళ్ళు చిమ్ముతుంటాయి. గుమ్మడి తీగలు పందిరి మీద నుంచి కిందికి, తొమ్మిది పౌన్ల దాకా పెరిగే నిమ్మకాయలు, అరటి, పనస. పనస కనపడగానే అమ్మ "ఇది మన పెరట్లో ఉందిగా" అంది, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. ఆ ఏడాది టమాటా చెట్టు గురించి బోర్డు పెట్టారు, ఒక్క మొక్క ఏడాదిలో 32 వేలకు పైగా టమాటాలు కాసి గిన్నిస్‌కెక్కింది, బరువు వెయ్యి పౌన్లు దాటింది. నాన్న ఆ అంకె నాతో రెండుసార్లు చదివించుకున్నారు.

పడవ దిగాక అక్కడే నడిచి చూపించే టూర్ ఉంది, దానికి వేరే టికెట్, తీసుకున్నా. గైడ్ చదువుకున్న అమ్మాయి, ఓపిగ్గా చెప్పింది, నేను తెలుగులో నాన్నకి, నాన్న ప్రశ్నలు ఇంగ్లీషులో ఆ అమ్మాయికి. పురుగు మందు బదులు పురుగుని తినే పురుగుల్ని వదులుతారంటే "మందు అస్సలు కొట్టరా?" అని ఆగిపోయారు. వీలైనంత తక్కువ అంది ఆ అమ్మాయి. గ్రీన్‌హౌస్ మూసి ఉంటుంది కాబట్టి కుదురుతుంది, మన చేలో పక్కవాడు కొడితే పురుగంతా మన మీదికి వస్తుంది కదా అన్నారు నాన్న, అది ఆమెకి చెప్తే మీ నాన్నగారు కరెక్ట్ అంది. కరెంటు ఎంత, పంపు ఎంత, ఇలా పండిన టమాటా ఎంతకి అమ్మితే గిట్టుతుంది అని అడిగారు. అక్కడి పంట పార్కులో హోటళ్ళకే వాడతారని తెలిసి తల ఊపారు. బయటికొచ్చాక ఆయన తీర్పు, "మొక్కని గాల్లో వేలాడదీయడం మనకెందుకురా, ఆ ఇసకలో చుక్క చుక్క నీళ్ళు పెట్టే పద్ధతి మాత్రం మనకి పనికొస్తుంది." ఊరెళ్ళాక రెండెకరాల్లో డ్రిప్ వేయించారు. ఒక థీమ్ పార్కు చూసి పొలంలో పైపులు మార్చుకున్న మనిషి మా నాన్న, నాకు ఆ మాట చెప్పుకోడం గర్వం.

అదే బిల్డింగులో సోరిన్, అప్పటికి కొత్త, 2005లో వచ్చింది. సీట్లు పైకి లేచి పెద్ద గుండ్రటి తెర ముందు కాలిఫోర్నియా మీద ఎగురుతున్నట్టు. నారింజ తోటల మీదికి రాగానే మళ్ళీ ఆ వాసన! అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది, నేను కళ్ళు మూసుకుని హొరైజన్స్ బండిలోకి వెళ్ళిపోయా. ఆ రాత్రి చెరువు మీద రిఫ్లెక్షన్స్ ఆఫ్ ఎర్త్ అనే బాణసంచా షో చూసాం, గట్టు చుట్టూ 19 కాగడాలు, గడిచిన శతాబ్దాలకి ఒక్కొక్కటి, మధ్యలో తేలుతూ వచ్చే భూగోళం మీద ప్రపంచం బొమ్మలు కదుల్తూ, చివరికి ఆ గోళం తామర రేకుల్లా విచ్చుకుని లోపల్నించి ఇరవయ్యో జ్వాల లేస్తుంది. అమ్మకి ఇంగ్లీషు పాట అర్థం కాకపోయినా అంతా అర్థమైందంది. 2019 సెప్టెంబర్ 30న దాన్నీ ఆపేసారు.

మొన్న 2022లో పిల్లలతో వెళ్ళా. చాలా మారింది. ఎనర్జీ పెవిలియన్ చోట గార్డియన్స్ సినిమా పేరుతో రోలర్ కోస్టర్, నార్వే పడవలో ఫ్రోజెన్ సినిమా కథ, ఎక్కడ చూసినా కార్టూన్ పాత్రలు. పిల్లలకి నచ్చింది, వాళ్ళ ఆనందం నాకు కాదనబుద్ధి కాదు. కానీ ఈ పార్కు ఒకప్పుడు పిల్లల్ని వాళ్ళకి తెలిసిన సినిమా దగ్గరికి కాకుండా తెలియని విషయం దగ్గరికి తీసుకెళ్ళేది, ఎరువు గురించీ, సముద్రం గురించీ, ముద్రణ గురించీ. అది మళ్ళీ రావాలి, వస్తే జనం వస్తారని నా గట్టి నమ్మకం. సోరిన్ అప్పటికి ప్రపంచం చుట్టూ, తాజ్‌మహల్ మీదుగా కూడా ఎగిరేది, అక్కడ మాత్రం నేనూ పిల్లలూ గట్టిగా అరిచాం.

ది ల్యాండ్ పడవ అలాగే ఉంది. పొద్దున్నే ఎక్కాం, ఇండియాలో రాత్రి ఎనిమిది దాటింది, గ్రీన్‌హౌస్ రాగానే నాన్నకి వాట్సాప్ వీడియో కాల్ చేసా. ఆయన భోజనం చేస్తున్నారు, పళ్ళెం పక్కన పెట్టి ఫోను దగ్గరగా పెట్టుకున్నారు. "పైకి చూపించు, పందిరి చూపించు" అంటారు, మా అబ్బాయి ఫోను ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు, నాన్న వాడికి ఏ తీగ ఏదో చెప్తున్నారు, వాడు తిరిగి ఇంగ్లీషులో అడుగుతున్నాడు, మధ్యలో అమ్మ వచ్చి పనస ఉందా ఇంకా అని. ఉందమ్మా అని చూపించా. ఇసక మళ్ళ దగ్గర నాన్న ఆపమన్నారు, పడవ ఆగదు నాన్నా అంటే, అయితే ఇంకోసారి ఎక్కండి, పైపుకి పైపుకి మధ్య ఎంత దూరం పెట్టారో చూసి చెప్పండి అన్నారు. దిగి మళ్ళీ లైన్లోకి వెళ్దామనుకునేలోపే పెద్దమ్మాయి ఫోనులో రోలర్ కోస్టర్‌కి మా వంతు వచ్చిందని బోర్డింగ్ గ్రూప్ పిలుపు వచ్చింది, పిల్లలు అటు పరిగెత్తారు, నేనూ మా ఆవిడా నాన్నని లైన్లోనే ఉంచి మళ్ళీ పడవెక్కాం.